సర్జా మెడకు ఆకుపసరు

ఎనభైల మొదట్లో ఒక శ్రావణమాసం. కరీంనగర్ బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో నేనూ, నా మిత్రుడు డాక్టర్ మాధవరావూ చాయ్ తాగుతున్నాం. ఆదిలాబాద్ బస్సు డ్రైవరు నేరుగా మా బల్ల దగ్గరికి వచ్చాడు.

"డాక్టర్ సాబ్, మీ బావ చెప్పమన్నడు. సర్జాకు మెడ మీద పుండు పడ్డదట. పోలా దగ్గరికొచ్చింది. మీ ఆకులు అలములు ఏమున్నా పట్టుకొని జల్ది రమ్మన్నడు."

మాధవరావు పశువుల డాక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగంలో ఉండగానే ఆకుపసర్లతో పుండ్లు మాన్పే ప్రయత్నాలు మొదలుపెట్టాడు. రిటైరయ్యాక అదే లోకమైంది. ఆదిలాబాద్ అవతల పల్లెలో ఉండే ఆయన బావ విఠల్‌రావు ఈ వైద్యాన్ని 'బామ్మర్ది గడ్డి' అనేవాడు. అలాంటి మనిషి స్వయంగా కబురు పెట్టడంతో డాక్టరు చాయ్ సగంలోనే పక్కన పెట్టాడు.

"మా బావ నన్ను రమ్మన్నడంటె ఎద్దు మెడ కాదు, ఆయన మెడ మీదికి వచ్చినట్టే. సెలవు పెట్టు. నువ్వు కూడ వస్తున్నవు" అన్నాడు.

నేనొక దినపత్రికలో పనిచేసేవాణ్ని. పోలా పండుగ గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. శ్రావణ అమావాస్యనాడు ఎద్దులకు స్నానం చేయించి, రంగులు వేసి, ఊరి ముందర కట్టిన తోరణం కింద వరసగా నిలబెడతారు. విఠల్‌రావు ఊళ్లో ముందు నిలబడే హక్కు తరతరాలుగా వాళ్ల జతదే. అయితే మెడ మీద పుండున్న ఎద్దును ఆ ఊళ్లో తోరణం కిందికి రానివ్వరు. పుండు పడిందంటే యజమాని దాన్ని కనికరం లేకుండా పని చేయించాడని లెక్క. సర్జా పుండు మానకపోతే మొదటి చోటు కాశీనాథ్ అనే పక్కింటి రైతు జతకు పోతుంది. విఠల్‌రావు అంత కంగారు పడటానికి కారణం ఇదేనని డాక్టరు చెప్పాడు.

మర్నాడు పొద్దున ఆరున్నర బస్సుకు బయల్దేరాం. డాక్టరు చేతిలో రేకు పెట్టె, బస్సు పైన ఆకుల గోనె, ఒళ్లో తుమ్మబంక డబ్బా. పెట్టెలో మడతలు పెట్టిన పసుపుపచ్చని గుడ్డపట్టీలున్నాయి. గాయపాకు, వేపాకు, కరక్కాయ, పసుపుకొమ్ములు నీళ్లలో వేసి, నాలుగో వంతు మిగిలేదాకా కాచి, వడగట్టి, తుమ్మబంక కలిపి, ఉడకబెట్టి ఆరేసిన పాత నూలుగుడ్డను అందులో ముంచి నీడలో ఆరబెడితే ఆ పట్టీ తయారవుతుంది. వాడేటప్పుడు కాస్త గోరువెచ్చని నీళ్లు చిలకరిస్తే మెత్తబడి పుండుకు అతుక్కుంటుంది. గాయపాకు అంటే మన బడిపిల్లలు పలకలు తుడుచుకునే ఆకే. పసుపు పూవుతో పొలం గట్ల మీద అడుగడుగునా కనిపిస్తుంది.

"ఇది పుండు మీద చీము పట్టనియ్యదని ఎట్ల తెలిసింది?" అని అడిగాను.

"కాలేజీల మా దోస్తు లెక్చరర్ ఉన్నడు. గాజు పళ్లెంల చీము పురుగును పెంచి నడుమ నా పసరు చుక్క వేసిండు. మర్నాడు చూస్తె పళ్లెమంత బూజు, చుక్క చుట్టూ మాత్రం అద్దం లెక్క ఖాళీ. నేను ఆ పళ్లెం చూసుకుంట పెండ్లికూతురిని చూసినట్టు నిలబడ్డ" అన్నాడు.

జగిత్యాల దాటగానే మా ముందు సీటులో ఉన్న ఖాదర్ సాబ్ వెనక్కి తిరిగాడు. నిర్మల్‌లో చీరల వ్యాపారం చేస్తాడట. "అరె సాబ్, గీ వాసనేంది? కషాయం కాస్తున్నరా ఏంది బస్సుల? నా చీరలకు అంటితె కొత్త కోడండ్లు దగ్గుమందు అనుకుంటరు" అన్నాడు. బస్సంతా నవ్వింది. డాక్టరు కూడా నవ్వి, తన డబ్బా మూతను గట్టిగా బిగించాడు.

కోరుట్లలో బస్సు ఆగినప్పుడు కండక్టరు కిటికీ తలుపు దించబోయి చూపుడువేలు నలగ్గొట్టుకున్నాడు. చర్మం చీలి రక్తం వచ్చింది. డాక్టరు ఆయన్ని కూర్చోబెట్టి, బాటిల్ నీళ్లతో కడిగి, ఒక సన్నటి పట్టీ తడిపి వేలికి చుట్టాడు. కండక్టరు వేలు పైకెత్తి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"మంట లేదు సాబ్. మంచిగుంది. మరి ఆ పైనున్న గోనెకు లగేజి టికెట్ కొట్టాలె."

"అరె, ఇప్పుడే నీ వేలుకు కట్టిన కదనయ్యా!"

"అది నా వేలు సాబ్. టికెట్ ఆర్టీసీది" అన్నాడు కండక్టరు. కట్టు కట్టిన వేలితోనే టికెట్ చింపి చేతిలో పెట్టాడు. ఖాదర్ సాబ్ సీటు మీద చరిచి, "సచ్చా ఆద్మీ!" అని మెచ్చుకున్నాడు. డబ్బు ఇస్తున్నప్పుడు డాక్టరు మొహం చూడవలసిందే.

మెట్‌పల్లి, ఆర్మూరు దాటి గోదావరి వంతెన మీదికి వచ్చేసరికి వాన మొదలైంది. నది రెండు ఒడ్లూ ఒరుసుకుంటూ పోతోంది. బస్సులో ఆడవాళ్లు చిల్లర నాణేలు కిటికీలోంచి విసిరి దండం పెట్టుకున్నారు. పన్నెండు దాటాక నిర్మల్‌లో దిగి భోంచేశాం. ఖాదర్ సాబ్ మమ్మల్ని తనకు తెలిసిన హోటలుకు తీసుకెళ్లి, "వీళ్లు ఎద్దుకు దవా చేయబోతున్నరు, పప్పు గట్టిగ పొయ్యి" అని సర్వరుకు చెప్పి, తన మూటలతో ఇంటికి పోయాడు. నిజంగానే పప్పు గట్టిగా వచ్చింది. ఆ దారిన వెళ్లేవాళ్లు నిర్మల్‌లోనే భోంచేయడం మేలు. తర్వాత ఆదిలాబాద్ దాకా సరైన భోజనం దొరకదు.

మహబూబ్ ఘాట్ మలుపుల్లో మేఘాలు రోడ్డు మీదికే దిగాయి. టేకుచెట్లు తెల్లటి పూతలతో తడిసి మెరుస్తున్నాయి. బస్సు ఒక్కో మలుపు తిరిగినప్పుడు పైన గోనె అటూ ఇటూ దొర్లుతున్న చప్పుడు వినిపించేది. అది వినిపించినప్పుడల్లా డాక్టరు తల పైకెత్తేవాడు. గుడిహత్నూరు దాటాక అడవి వెనకబడి నల్లరేగడి నేలలో పత్తిచేన్లు వచ్చాయి. సాయంత్రం నాలుగున్నరకు ఆదిలాబాద్ చేరాం. బస్టాండు దగ్గరి లాడ్జిలో ఒక గది తీసుకున్నాం. పరుపులు సన్నమే గాని దోమతెరలు ఇచ్చారు. అంగడిలో ఓ పక్క తెలుగు, ఓ పక్క మరాఠీ, మధ్యలో ఉర్దూ వినిపిస్తున్నాయి. అప్పటికే అమ్మకానికి ఎద్దుల గజ్జెలు, మూతి తాళ్లు, కొమ్ముల రంగులు వచ్చేశాయి.

మరునాడు పొద్దున బేల వైపు పోయే బస్సెక్కాం. ఊరి మలుపులో దిగితే, అక్కడ వాగు ఇవతల కాశీనాథ్ బండితో నిలబడి ఉన్నాడు. పోటీదారుడే మమ్మల్ని తీసుకెళ్లడానికి వచ్చాడేమిటని నాకు ఆశ్చర్యమేసింది.

"విఠల్ సర్జాను విడిచిపెట్టి రాలేడు. నా బండి ఖాళీగున్నది" అన్నాడు కాశీనాథ్. తర్వాత మీసం దువ్వుకుంటూ, "నేను డాక్టర్‌ను తోలుకపోతున్న గని, దేవుడు నా దిక్కే ఉన్నడు సూడండి. ఈసారి నా మోతీనే ముందు నిలవడాలె" అన్నాడు.

"మరి నన్ను ఎందుకు తోలుకపోతున్నవు? వాగుల దింపరాదూ" అన్నాడు డాక్టరు.

"పుండు మాన్పి గెలువు, అప్పుడు నేను ఓడిపోత. వాగుల దింపి గెలిస్తె ఊరు నవ్వదా?"

వాగులో నీళ్లు బండి ఇరుసు దాకా ఉన్నాయి. ఎద్దులు జాగ్రత్తగా అడుగులు వేశాయి. ఆకుల గోనె తడవకుండా దాన్ని నా నెత్తిన పెట్టుకున్నాను.

విఠల్‌రావు ఇల్లు పెద్ద మట్టిగోడలది. ఆయన పశువుల పాకలో, సర్జా పక్కన చిన్న పీట మీద కూర్చుని ఉన్నాడు. తెల్లటి ఎద్దు, పెద్ద మూపురం, నల్లని కళ్లు. మమ్మల్ని చూసి విఠల్‌రావు లేవలేదు.

"రా బామ్మర్ది, రా. గడ్డి తెచ్చినవా, మందు తెచ్చినవా?"

"రెండు తెచ్చిన బావా. గడ్డి నీకు, మందు ఎద్దుకు."

లోపలి నుంచి డాక్టరు అక్క సుశీలమ్మ నీళ్లచెంబుతో వచ్చింది. "వచ్చీరాంగనే షురూ జేసిండ్రా? కాళ్లు కడుక్కోండి ముందు. తమ్మీ, ఎంత సన్నబడ్డవురా!" అంది. డాక్టరు సన్నబడిన ఆనవాలేమీ నాకు కనిపించలేదు.

డాక్టరు ఎద్దు మెడ చూశాడు. మూపురానికి ముందు, కాడి ఆనే చోట, అరచేతి వెడల్పున తోలు ఊడి ఎర్రగా ఉంది. అంచున చీము, దాని చుట్టూ ఈగలు. విఠల్‌రావు అప్పటికే కానుగ నూనె, బొగ్గుపొడి పూసి చూశాడు. డాక్టరు పుండును వదిలిపెట్టి, ముందు పక్కనే కట్టేసి ఉన్న రెండో ఎద్దు రాజాను చూశాడు. తర్వాత రెండింటి మూపురాల మీద అరచేయి పెట్టి ఎత్తు పోల్చాడు.

"బావా, రాజాను ఎప్పుడు కొన్నవు?"

"ఉగాది తర్వాత. మంచి ఎద్దు. ఎట్లున్నది?"

"ఎద్దు మంచిదే. సర్జా కన్న ఎత్తు. కాడి వంగి మొత్తం బరువు సర్జా మీదనే పడ్డది. మందుతోని పుండు మాన్పుత. ఈ జతను మళ్లీ కాడి కింద పెట్టినవంటె మళ్లీ పడ్తది."

విఠల్‌రావు పీట దగ్గరికి జరుపుకున్నాడు. సర్జా మెడ కింద వేలాడే గంగడోలును మెల్లగా నిమిరాడు. ఆయన గొంతులో అప్పటిదాకా ఉన్న ఎగతాళి పోయింది. "దాని తప్పేం లేదు బామ్మర్ది. నాకు ఏం జెప్పుతదది? నోరులేని జీవి, నడుస్తనే ఉన్నది. పోలానాడు తోరణం కింద నిలవడితె చాలు. ఇరవై ఏండ్ల కింద దాని తాత నిలవడ్డది. దాని అయ్య నిలవడ్డది."

ఆ రోజు నుంచి పాక వైద్యశాల అయింది. డాక్టరు వేపాకు వేసి కాచిన గోరువెచ్చని నీళ్లతో పుండు కడిగాడు. తడిపిన పట్టీ పుండు మీద పరిచాడు. ఇక అది నిలవడం ఎలా? ఎద్దు తల ఊపితే జారుతుంది. గోడకు రాసుకుంటే ఊడుతుంది. చివరికి సుశీలమ్మ పాత నూలుచీర చించి, మూపురం వెనక నుంచి మెడ కిందుగా చుట్టి ముడివేశారు. ఆ చీర ఎర్రంచుది. సర్జా అది కట్టుకుని తిరుగుతుంటే దాన్ని చూడ్డానికి వీధి వీధంతా వచ్చింది. ఒక ముసలమ్మ, "సుశీలా, నీ చీర నీ కన్న ఎద్దుకే మంచిగున్నదే" అంది. సుశీలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

రోజూ పొద్దున పాత పట్టీ తీసి కడిగి కొత్తది వేసేవాళ్లు. నాలుగు రోజులకు చీము పోయింది. ఈగలు రావడం తగ్గింది. పుండు అంచుల నుంచి లేత గులాబీ రంగు తోలు లోపలికి పాకుతూ వచ్చింది. విఠల్‌రావు రోజుకు పదిసార్లు చూసేవాడు. చూసి ఏమీ అనేవాడు కాదు గాని, ఆ పూట డాక్టరు రొట్టె మీద నెయ్యి ఎక్కువ వేయించేవాడు. జొన్నరొట్టె, శనగపిండి కూర, పచ్చి ఉల్లిగడ్డ. నేను ఆ ఊరి భోజనానికి అలవాటుపడి పత్రికాఫీసును మర్చిపోయాను.

పోలాకు ముందురోజు నేనూ డాక్టరూ ఆదిలాబాద్ వెళ్లాం. పట్టీల గుడ్డ అయిపోవచ్చింది. పొద్దున బస్సెక్కుతూ డాక్టరు అందరికీ చెప్పి వచ్చాడు: "పుండు పావలా బిళ్లంత మిగిలింది. పట్టీని ఎవ్వరు ముట్టుకోవద్దు." వాగు ఉధృతి వల్ల తిరిగి వచ్చేసరికి పొద్దు వాలింది.

ఇంటి వాకిట్లో అడుగుపెట్టగానే డాక్టరు ఆగిపోయాడు. సర్జా మెడంతా నెయ్యి, పసుపుతో నిగనిగలాడుతోంది. దాని ముందర ఇత్తడి పళ్లెంలో దీపం వెలుగుతోంది. ఆ పక్క దండెం మీద పట్టీ, ఎర్రంచు చీరముక్క సబ్బు వాసనతో తెల్లగా ఆరుతున్నాయి.

పోలాకు ముందురోజు సాయంత్రం ఆ ప్రాంతంలో ఒక ఆచారం ఉంది. కాడి మోసే ఎద్దుల భుజాల మీద నెయ్యీ పసుపూ కలిపి ఇంటిల్లిపాదీ మర్దన చేస్తారు. తర్వాత ఎద్దు చెవి దగ్గరికి వంగి మరాఠీలో, 'ఆజ్ ఆవతణ్ ఘ్యా, ఉద్యా జేవాయలా యా' అంటారు. 'ఇవాళ పిలుపు అందుకో, రేపు భోజనానికి రా' అని. ఏడాదంతా మెడ అరగదీసుకున్న జీవిని చుట్టంలా పిలవడం అది. మర్దన చేసేటప్పుడు భుజం మీద గుడ్డ ఉండకూడదు. పైగా ముందు నిలబడే ఎద్దు గనుక వీధిలోని వాళ్లంతా వచ్చి ఒక్కో చేయి నెయ్యి పూశారు. పుండు మీదే అందరూ ఎక్కువ ప్రేమ చూపించారు.

"పట్టీని ఉతికింది ఎవరు?" అన్నాడు డాక్టరు.

"నేనేరా" అంది సుశీలమ్మ సంతోషంగా. "పండుగపూట మురికి గుడ్డతోని ఎట్ల పోతది? సబ్బు పెట్టి రెండుసార్లు తోమిన. రంగు పోవడానికి చాన కష్టమైంది."

"అక్కా, ఆ రంగే మందక్కా!"

సుశీలమ్మ దండెం మీది తెల్లటి పట్టీ వైపు చూసింది. తర్వాత డాక్టరే పకపకా నవ్వాడు. నవ్వుతూనే వెళ్లి సర్జా మెడ దగ్గర వంగాడు. నెయ్యి కింద పుండు చోట చిన్న చీమలు బారులు తీరుతున్నాయి. ఆయన నవ్వు ఆగిపోయింది.

"ఇంకో పట్టీ కడ్త" అన్నాడు.

విఠల్‌రావు తల అడ్డంగా ఊపాడు. "కట్టరాదు బామ్మర్ది. గిది ముందే చెప్పాలె గని, నీ పని చెడగొట్టుడెందుకని ఊకున్న. తోరణం కింద మెడకు గుడ్డ ఉండరాదు. ఊరి పటేల్ చేయి వేసి నొక్కి చూస్తడు, ఎద్దు అదిరితె పుండు మానలేదని లెక్క. గుడ్డ ఉంటె పుండు దాచిండంటరు. కాశీనాథ్ అనడు, ఊరంటది."

పట్టీ లేకుండా రాత్రంతా ఉంటే చీమలు, ఈగలు మానిన చోటునే తినేస్తాయి. పట్టీ కడితే తోరణం లేదు. డాక్టరు గడప మీద కూర్చుని గడ్డం గీరుకున్నాడు. కాసేపటికి లేచి, "గుడ్డ లేకుండ కట్టు కడ్త. నాకు గాయపాకు పచ్చిది కావాలె. బుట్టెడు" అన్నాడు.

వాళ్లకు ఆ పేరు తెలియదు. ఆయన గోనెలోంచి ఎండిన ఆకు తీసి చూపిస్తే, మొన్న చీర గురించి అన్న ముసలమ్మ, "అయ్యో, ఇది దగడీపాలా! మా గట్టు మీద మస్తున్నది" అంది. ఇంకా వెలుగు ఉండగానే వీధిలోని ఆడవాళ్లు కొంగులు నడుముకు దోపుకుని పొలం గట్లకు పోయారు. నెయ్యి పూసినవాళ్లే అందరూ. ఎవరి చేతి పసుపూ ఇంకా ఆరలేదు. అరగంటలో మూడు కొంగుల ఆకు వచ్చింది. కాశీనాథ్ కూడా ఒక గుప్పెడు తెచ్చి పళ్లెంలో వేశాడు.

"నువ్వెందుకు తెచ్చినవయ్యా?" అన్నాడు విఠల్‌రావు.

"పటేల్ ముందట సర్జా అదిరితె, నేను ఆకు తేలేదు గాబట్టి అదిరింది అంటవు. ఆ మాట నాకెందుకు?"

ఆకులను మరిగిన నీళ్లలో ముంచి తీసి, కడిగిన రోట్లో దంచి, పలుచని గుడ్డలో పిండారు. ముదురాకుపచ్చ పసరు చెంబెడు వచ్చింది. వేపనీళ్లతో డాక్టరు ముందు మెడ మీది నెయ్యంతా ఓపికగా తుడిచాడు. తర్వాత పసరులో తుమ్మబంక కరిగించి, పసుపు కలిపి, శుభ్రమైన నూలుపీచుతో పల్చగా పూశాడు. ఒక పూత ఆరాక ఇంకో పూత. మూడో పూత ఆరేసరికి అది సర్జా తోలుకు రెండో తోలులా బిగుసుకుంది. వేలితో తడిమితే గరుకుగా ఉంది, ఊడలేదు. చీమలు దాని దగ్గరికి వచ్చి, వాసన చూసినట్టు ఆగి, పక్కదారి పట్టాయి. సుశీలమ్మ వాటిని చూస్తూ, "చీమలకు కూడ నా తమ్ముని మందు తెలిసింది" అంది.

పోలా రోజు వాన పడలేదు. ఇంటింటి గుమ్మాలకూ మోదుగ కొమ్మలు గుచ్చారు. మధ్యాహ్నం నుంచే డప్పులు మొదలయ్యాయి. ఎద్దుల కొమ్ములకు రంగులు, నుదుట బాసికాలు, మెడల్లో గజ్జెలు, వీపుల మీద జూళ్లనే అద్దాల గుడ్డలు. కొన్ని ఎద్దుల ఒంటినిండా రంగు అరచేతుల ముద్రలు. సర్జాకు మాత్రం ఒక జూలు, మూపురం ముందర ఆ ఆకుపచ్చ మచ్చ, అంతే. ఊరి ముందు రెండు గుంజల మధ్య మామిడాకుల తోరణం కట్టారు. కుర్రాళ్లు మరాఠీలో పాటలు కట్టి ఒకరి ఎద్దును ఒకరు ఎగతాళి చేస్తున్నారు. ఒక పాటలో ఎర్రంచు చీర కట్టుకున్న ఎద్దు కూడా వచ్చింది. సుశీలమ్మ ఆడవాళ్ల గుంపు వెనక్కి వెళ్లి దాక్కుంది.

పటేల్ దేవ్‌రావు తెల్లటి తలపాగాతో తోరణం దగ్గర నిలబడ్డాడు. ముందు సర్జా, రాజా. వాటి వెనక కాశీనాథ్ మోతీ, దాని జోడు. విఠల్‌రావు సర్జా వీపు మీది జూలు గుడ్డ తీశాడు. అప్పుడు ఎవరూ అడగకుండానే గట్టిగా చెప్పాడు: "పటేలా, ఇక్కడ పుండు పడ్డది. నా తప్పే. ఎత్తు తేడా చూసుకోలే. మా బామ్మర్ది మందేసిండు. చేయివెట్టి చూడు. అదిరితె నేనే వెనక్కి పట్టుకపోత."

డప్పులు ఆగాయి. విఠల్‌రావు పగ్గం వదిలేసి చేతులు కట్టుకున్నాడు.  పటేల్ అరచేయి ఆకుపచ్చ మచ్చ మీద పెట్టాడు. ముందు మెల్లగా రుద్దాడు. తర్వాత కాడి ఆనించినట్టుగా చేతి మడమతో నొక్కాడు. సర్జా ఒకసారి తల తిప్పి పటేల్ తలపాగా వాసన చూసింది. మళ్లీ నెమరు వేయడం మొదలుపెట్టింది.

"అదరలే" అన్నాడు పటేల్. "ముందుకు నడువు."

ఆ తర్వాత డప్పుల చప్పుడులో ఎవరు ఏమన్నదీ వినిపించలేదు. ఆచారం ప్రకారం తోరణం తెంపారు, సర్జా ఆ గుంజల మధ్య నుంచి రాజులా నడిచిపోయింది. విఠల్‌రావు వెనుదిరిగి వచ్చి బావమరిదిని నడుము పట్టి పైకెత్తాడు. డాక్టరు మంచి బరువున్న మనిషి. ఇద్దరూ కలిసి బురదలో పడ్డారు. ఊరు ఊరంతా ఆ దృశ్యం చూసింది.

బురద దులుపుకుంటున్న విఠల్‌రావు దగ్గరికి కాశీనాథ్ వచ్చాడు. "గెలిచినవు, మంచిదే. గని రేపు పొద్దుగాల మళ్లీ రాజా జోడు సర్జాను కట్టినవనుకో, వచ్చేయేడు పటేల్‌తోని పని లేకుండ నేనే ముందు నిలవడ్త. నా మోతీ, నీ రాజా ఒక్కటే ఎత్తు. దసరాదాక నా మోతీని తీస్కపో."

"మరి నీ పని?"

"నా పత్తిల నువ్వు రెండు రోజులు గుంటక తోలవా ఏంది? తోలుతవు. ఎందుకు తోలవు?"

విఠల్‌రావు చేతి బురద పంచెకు తుడుచుకుని, "తోలుత" అన్నాడు. ఆ మాట కోసం వాళ్లకు ఇన్నేళ్లు పట్టింది.

రాత్రి పోలెలు, అంటే బొబ్బట్లు, నెయ్యి, పచ్చిపులుసుతో భోజనం. ముందు సర్జాకు వడ్డించాకే మాకు వడ్డించారు. ఇంకో రోజు ఉండి, మూడోనాడు పొద్దున తిరుగు ప్రయాణమయ్యాం. సుశీలమ్మ మా ఇద్దరికీ పోలెల మూటలు కట్టింది. విఠల్‌రావు గోనెడు పచ్చి గాయపాకు కోయించి ఇచ్చాడు. వాగు తగ్గింది గనుక నడిచే దాటాం.

ఆ దారిన పోదలచినవారికి రెండు మాటలు. పోలాకు ముందురోజుకే ఊరికి చేరాలి. ఎద్దును భోజనానికి పిలవడం చూడకుండా పండుగ చూశామనుకోవడం సగం ప్రయాణమే. వాగులు చూసుకుని బయల్దేరాలి. ఇక గాయం తగిలితే ఆ ఊళ్లో గట్టు మీద మందు ఉంది, అయితే దాన్ని దంచి పూయడానికి ముందు నీళ్లు కాచి కడిగేవాళ్లు కావాలి. అక్కడ నేను చూసిన ప్రేమ చాలావరకు చేతుల్లో ఉంది. నెయ్యి పూసిన చేతులు, ఆకు కోసిన చేతులు, సబ్బు పెట్టి పట్టీ తోమిన చేతులు. అవన్నీ ఒక్కో వేళ కీడే చేసినా, అడిగితే మళ్లీ పొలం గట్టుకు పరుగెత్తాయి.

ఆదిలాబాద్ బస్సు ఊరి మలుపు దాటగానే రోడ్డు పక్కన విఠల్‌రావు పత్తిచేను కనిపించింది. చాళ్ల మధ్య గుంటక నడుస్తోంది. కాడి కింద రాజా, దాని పక్కన మోతీ. కాడి నిటారుగా, సమంగా ఉంది. చేను గట్టు మీద సర్జా ఒంటరిగా గడ్డి మేస్తోంది. డాక్టరు సీట్లోంచి లేచి కిటికీలోంచి సగం బయటికి వంగాడు. అంత దూరం నుంచి మెడ కనిపించే అవకాశం లేదు. బస్సు మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉన్నాడు.

మా వెనక సీటులో బుట్టతో కూర్చున్న ఒకావిడ, "మీ ఇంటి ఎద్దా అన్నా, గట్ల చూస్తున్నవు?" అని అడిగింది.

"నా పేషెంటమ్మా."

"ఎట్లున్నది మరి?"

"పనికి పోతలేదు" అన్నాడు డాక్టరు కూర్చుంటూ, పోలెల మూట విప్పుతూ. "శానా మంచిగున్నది."